పూలు మావి, మెడలు వేరే

ఆనందపురం పూల మార్కెట్‌ని తెల్లవారుజామున చూడనివాడికి మా రాజకీయం అర్థం కాదు. ఇంకా చీకటి ఉండగానే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో, బండ్ల వెనక సీట్ల మీద మూటలు దిగుతాయి. చలికాలమైతే చామంతి, ఎండాకాలమైతే మల్లె, ఎప్పుడూ ఉండేది బంతి. తడిగోనె విప్పగానే లోపలి ఆవిరి ముఖానికి కొడుతుంది. ఎండెక్కే కొద్దీ పూవుతో పాటు ధరా వాడిపోతుంది కాబట్టి ఇక్కడ బేరాలు పొట్టిగా ఉంటాయి. రైతు ఒక మాట, వ్యాపారి ఒక మాట, ఆ తర్వాత కాటా.

2024 ఎన్నికల ముందు ఒకరోజు ఆ కాటా దగ్గర మా ఊరి మాజీ ప్రెసిడెంటు కనిపించాడు. సర్పంచి అని కాగితాల మీద రాస్తారు గానీ మా వైపు ప్రెసిడెంటు అనే అంటారు. నాకు వరసకి మావ. కాళ్ల దగ్గర నాలుగు బస్తాల బంతి.

"పెళ్లేటి మావా?"

"పెళ్లి కాదురా, గజమాల. తొమ్మిదింటికి క్రేను వస్తాది."

చొక్కా జేబులోంచి ఐదొందల నోట్లు తీసి, వేలు తడి చేసుకుని లెక్కపెట్టాడు. పార్టీ ఇచ్చిన డబ్బు కాదు, ఆయన సొంతం. ఆ దండ ఏ జెండా కింద, ఎవరి మెడకి పడిందో రాయను. రాసినా తేడా లేదు, ఇక్కడ రెండు జెండాల కథా ఒకటే. ఆ మెడ మా మండలానిది కాదని మాత్రం చెప్పగలను.

ఆ నాలుగు బస్తాల సంగతే నేను మాట్లాడదలచుకున్నది.

మాది భీమిలి నియోజకవర్గం. ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం మండలాలు, వాటికి తోడు మధురవాడ వైపు పట్నం ముక్క. గత నాలుగు ఎన్నికల్లో ఎవరు గెలిచారో వేళ్ల మీద చెప్పొచ్చు. 2009లో ముత్తంశెట్టి శ్రీనివాసరావు. 2014లో గంటా శ్రీనివాసరావు. 2019లో మళ్లీ ముత్తంశెట్టి. 2024లో మళ్లీ గంటా. నాలుగు ఎన్నికలు, ఇద్దరు శ్రీనివాసరావులు. సుమారు మూడున్నర లక్షల ఓటర్లున్న చోట గెలిచినవాళ్లలో మూడో పేరు లేదు!

ఈ ఇద్దరూ బద్ధ శత్రువులనుకుంటే పొరపాటు. 2009లో ఇద్దరూ ప్రజారాజ్యమే, ఒకాయన భీమిలిలో, ఇంకొకాయన అనకాపల్లిలో. ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిస్తే ఇద్దరూ కాంగ్రెస్. 2014కి ఇద్దరూ తెలుగుదేశం, ఒకాయన భీమిలి ఎమ్మెల్యే, ఇంకొకాయన అనకాపల్లి ఎంపీ. 2019లో గానీ దారులు చీలలేదు, 2024లో గానీ ఇదే భీమిలిలో ఎదురెదురు పడలేదు. వాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చుని టీ తాగిన ఏళ్లలో కూడా వాళ్ల పేరు చెప్పుకుని మా ఊళ్లలో అన్నదమ్ములు మాటలు మానేసుకున్నారు. ఒకే వీధిలో రెండు వినాయక పందిళ్లు లేచాయి. ఎవరి కోసమో ఇప్పటికీ నాకు తెలీదు.

గంటా గారి జాబితా మరీ ముచ్చటైనది. 1999లో అనకాపల్లి ఎంపీ, 2004లో చోడవరం, 2009లో అనకాపల్లి అసెంబ్లీ, 2014లో భీమిలి, 2019లో విశాఖ ఉత్తరం, 2024లో తిరిగి భీమిలి. ప్రతిసారీ చోటు మారింది, ఒక్కసారీ ఓడలేదు. తాసీల్దారు బదిలీ కావాలన్నా పైనుంచి ఎవరో ఒకరు ఉత్తర్వు ఇవ్వాలి. 2024లో సొంత పార్టీయే చీపురుపల్లి వెళ్లమంటే ఆయన వెళ్లనన్నారు, భీమిలే కావాలన్నారు, తెచ్చుకున్నారు. ఆయన తెలివిని నేను తప్పుపట్టను, పుట్టింది వేరే జిల్లా అనీ తప్పుపట్టను. విశాఖ వలస వచ్చినవాళ్లు కట్టిన ఊరు. ఓడరేవుకీ స్టీల్‌ప్లాంటుకీ చెమటోడ్చినవాళ్లలో చాలామంది ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే. నా కడుపుమంట వేరు. పద్మనాభంలోనో, మా ఆనందపురంలోనో ఐదేళ్లు పంచాయతీ నడిపినవాడి పేరు ఆ టికెట్ల జాబితాలో కనీసం అడుగున, కొట్టివేతలోనైనా ఎందుకు కనపడదని.

దీనికి పార్టీల దగ్గర ఒక సిద్ధాన్నం ఉంది: "గెలుపు గుర్రం." గెలిచేవాడికే టికెట్టు అంటారు. సరే, లెక్క చూద్దాం. 2019లో రాష్ట్రంలో 175 సీట్లకు 151 ఒక పార్టీ ఊడ్చుకుపోయింది. 2024లో కూటమి 164 ఊడ్చింది. గంటా గారికి ఇక్కడ వచ్చిన మెజారిటీ 92,401. ఓట్లు కాదండీ, మెజారిటీ. అంత గాలి వీచినప్పుడు ఆ గుర్తు మీద మా మావ నిలబడితే ఓడిపోయేవాడా? తొంభై రెండు వేలు కాకపోతే యాభై వేలతో గెలిచేవాడు. ఇరవై వేలతోనైనా గెలిచేవాడు. గెలుపు గుర్తుదైనప్పుడు గుర్రం ఏ సంతలో కొన్నదైతే ఏమిటి? అలాంటి సునాయాసమైన ఎన్నికలో కూడా పంచాయతీవాడికి ఇవ్వనివాళ్లు కష్టమైన ఎన్నికలో ఇస్తారా?

అలాంటి గాలికి ఎదురు నిలబడి ఓడిపోయిన స్థానికుడూ ఒకాయన ఉన్నాడు. సబ్బం హరి. తగరపువలస, చిట్టివలస వైపు మనిషి. విశాఖ మేయరుగా పనిచేశాడు, అనకాపల్లి ఎంపీగా గెలిచాడు. 2019లో తెలుగుదేశం ఆయన్ని భీమిలిలో నిలబెట్టింది. రాష్ట్రమంతా ఎదురుగాలి కొడుతున్న ఏడాది కూడా పదివేల లోపు తేడాతోనే ఓడిపోయాడు. 2021లో కరోనాకి పోయాడు. ఆయన రాజకీయాలన్నీ నాకు నచ్చాయని కాదు. ఊరి వీధుల్లో కాలు అరిగినవాడికి జనం తుఫానులో కూడా అంత దూరం తోడొచ్చారన్న సంగతి పార్టీ ఆఫీసుల్లో లెక్కలు కట్టేవాళ్ల చెవికెక్కలేదని నా ఏడుపు.

పేపర్లలో ఒక మాట వస్తుంటుంది చూడండి: "ద్వితీయ శ్రేణి నాయకులు". ఎంత హాయిగా రాసేస్తారో! నాలుగువేల మందికి నీళ్లు, దీపాలు, శ్మశానం, మురుగుకాలువ చూసేవాడు ద్వితీయ శ్రేణి. ఎన్నికలకి మూడు వారాల ముందు వచ్చి అపార్ట్‌మెంటు అద్దెకి తీసుకున్నవాడు ప్రథమ శ్రేణి. మావని నిద్రలేపి అడిగినా ఏ సర్వే నంబరు చెరువుదో, ఏది పోరంబోకో, ఏ గట్టు మీద ఎన్నేళ్లుగా ఎవరు జీడిమామిడి వేసుకున్నారో చెప్తాడు. రికార్డు గదిలో గల్లంతైన కాగితం ఆయన నోట్లో ఉంటుంది.

విశాఖలో ఆ నోటికి విలువ ఎంతో ఊహించండి. 2017లో భీమిలి, మధురవాడ వైపు భూముల రికార్డులు తారుమారయ్యాయని గోల లేచి ప్రభుత్వం సిట్ వేసింది. 2019లో ప్రభుత్వం మారాక ఇంకో సిట్ వేసింది. 2020 జనవరి 25న జీవో 72 వచ్చింది. ఇళ్ల స్థలాల కోసం విశాఖ చుట్టూ ఆరువేల ఎకరాలకు పైగా సమీకరణ. మా మండలం ఊళ్లూ అందులో ఉన్నాయి. ఎకరా అసైన్డ్ పట్టా ఉన్నవాడికి అభివృద్ధి చేసిన 900 గజాలట, పదేళ్లకు పైబడి సాగులో ఉన్నవాడికి 450, ఐదేళ్ల నుంచి పదేళ్ల వాడికి 250. ఒక గట్టు మీద తాత కాలం నుంచి ఉన్నవాడు ఎవడు, నిన్న మొన్న రాళ్లు పాతినవాడు ఎవడు అని తేల్చగలిగినవాడు ఊరి ప్రెసిడెంటు. చట్టం చేసే చోట, జీవోని నిలదీసే చోట వాడు లేడు. గ్రామసభలో టెంటు వేయించి, కుర్చీలు వరసగా పెట్టించే చోట ఉన్నాడు.

డబ్బు సంగతికి వద్దాం, అందరూ చివరికి అక్కడికే వస్తారు కాబట్టి. చట్టం ప్రకారం అసెంబ్లీకి పోటీ చేయాలంటే పాతికేళ్ల వయసు, పదివేల రూపాయల డిపాజిట్టు చాలు. తలుపు బార్లా తెరిచే ఉంది. ఖర్చు పరిమితి 40 లక్షలు. అది ఎన్నికల సంఘం పరిమితి, నవ్వకండి. మా సర్పంచికి ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనం నెలకి 3,000. పైసా ఖర్చుపెట్టకుండా దాచుకున్నా ఆ 40 లక్షలకి 111 ఏళ్లు పడుతుంది. గౌరవం అన్న మాటని ఇంత దిగజార్చిన కాగితం ఇంకొకటి లేదు. 15వ ఆర్థిక సంఘం నుంచి పంచాయతీల ఖాతాలకి వచ్చిన సొమ్ముని కరెంటు బకాయిల కింద డిస్కంలకి లాగేసుకున్న రోజులు గుర్తున్నాయా? సర్పంచులు రోడ్డెక్కి జోలె పట్టుకుని అడుక్కున్నారు. వీధిలైటు మాడిపోతే బల్బు కొనడానికి ప్రెసిడెంటు సొంత జేబు తడుముకున్నాడు. అలాంటి జేబే బంతిపూల కాటా దగ్గరా తెరుచుకుంది.

ఇంకో సంగతి అడుగుతాను. అసెంబ్లీ ఎన్నిక గడువు దాటి రెండేళ్లు ఆగడం మీరెప్పుడైనా చూశారా? మా పంచాయతీల గడువు 2018 ఆగస్టులో తీరితే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. నడుమ ప్రత్యేకాధికారులు. మహా విశాఖ నగరపాలక సంస్థ సంగతి ఇంకా ఘోరం: 2012లో పాలకవర్గం దిగిపోతే మళ్లీ ఎన్నిక 2021 మార్చిలో. తొమ్మిదేళ్లు కార్పొరేటరు అన్న ప్రాణి లేదు. 1861లో, కాంగ్రెస్ పార్టీ పుట్టకముందే పుట్టిన భీమిలి మున్సిపాలిటీని తెచ్చి ఆ సంస్థలోనే కలిపేశారు. బడి తలుపులకి ఏళ్ల తరబడి తాళం వేసి, మా ఊళ్లో చదువుకున్నవాడు లేడని ఎద్దేవా చేయడం ఇది.

తమాషా చూడండి: సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తు మీద జరగకూడదు. ఊరిలో చీలికలు రాకూడదట, మంచి మాటే. పంచాయతీలో పార్టీకి చోటు లేదని చట్టం, అసెంబ్లీలో పంచాయతీవాడికి చోటు లేదని పార్టీ. ఇద్దరూ కలిసి వాడిని గడప మీదే నిలబెట్టారు.

శాసన మండలి ఉంది కదా, స్థానిక సంస్థల వాళ్ల కోసం సీట్లు పెట్టారు కదా అంటారా? దాని ముచ్చటా వినండి. మండలిలో మూడోవంతు స్థానిక సంస్థలది. పట్టభద్రుడికి ఓటు ఉంది, బడిపంతులుకి ఓటు ఉంది. ఎంపీటీసీకి, జెడ్పీటీసీకి, కార్పొరేటరుకి ఉంది. సర్పంచికి మాత్రం లేదు! ఊరంతా నిలబడి ఓటేసి గెలిపించుకున్న మనిషికి స్థానిక సంస్థల ఎన్నికలో వేలు మీద సిరా చుక్క పడదు. ఓటున్నవాళ్ల భాగ్యమైనా చూద్దాం. 2024 ఆగస్టులో విశాఖ స్థానిక సంస్థల సీటుకి ఉప ఎన్నిక వచ్చింది. గ్రేటర్‌లో కార్పొరేటరుగా చేసి మండలికెళ్లిన వంశీకృష్ణ శ్రీనివాస్ పార్టీ మారడంతో అనర్హత పడి ఖాళీ అయిన సీటు అది. (ఇంకో శ్రీనివాస్. ఈ జిల్లాకి ఆ పేరంటే ఎంత మోజో.) ఆయన వదిలిన పార్టీ అక్కడ ఎవరిని నిలబెట్టింది? ఒక ఎంపీపీనా? ఒక జెడ్పీటీసీనా? రెండు నెలల ముందు పక్క జిల్లా చీపురుపల్లిలో ఓడిపోయిన మాజీ మంత్రి బొత్స సత్యనారాయణ గారిని. అవతలి పక్షం పోటీకే దిగలేదు. ఏకగ్రీవం. ఎనిమిది వందల పైచిలుకు స్థానిక ప్రతినిధులు ఓటు వేసే శ్రమ కూడా లేకుండా తమ ప్రతినిధిని టీవీలో చూసి తెలుసుకున్నారు. బొత్స గారూ ఒకప్పుడు జిల్లా సహకార బ్యాంకు చైర్మన్ మెట్టు మీద నుంచే ఎక్కినవారు. ఎక్కినవారికి ఆ మెట్టు గుర్తుంటుందని ఆశపడటం మన అమాయకత్వం.

ఇంతసేపూ పార్టీలని తిట్టాను. ఇప్పుడు మావ వంతు. ఆయన ఇది చదవడు, వాట్సాప్‌లో ఎవరో పంపితే చదువుతాడు, చదివి పండక్కి పిలవడు. పిలవకపోతే మానె.

మావా, నిన్ను ద్వితీయ శ్రేణిలో నిలబెట్టింది వాళ్లొక్కళ్లేనా? ఇన్‌ఛార్జి గారి ఇంటి ముందు చెప్పులు విడిచి గంటలు గంటలు నిలబడింది ఎవరు? ఆయన పుట్టినరోజుకి జంక్షన్‌లో ఫ్లెక్సీ కట్టించి, ఆయన బొమ్మ నిలువెత్తు పెట్టి నీ బొమ్మ పోస్టల్ స్టాంపంత పెట్టుకున్నది ఎవరు? మార్కెట్ కమిటీ పదవి ఇస్తానంటే మూడేళ్లు తిరిగావు. ఇవ్వలేదు. మండల పార్టీలో ఏదో కార్యదర్శి అని కాగితం ఇస్తే ఫ్రేము కట్టించి హాల్లో తగిలించావు. ఓటర్ల జాబితా కులాలవారీగా విడగొట్టి పెన్సిలుతో గుర్తులు పెట్టి ఎవరి చేతికిచ్చావు? పోలింగు ముందు రాత్రి కవర్లు ఇంటింటికీ ఎవరి చేతుల మీదుగా వెళ్లాయి? పై ఊరి నాయకుడికి మా వీధుల పేర్లు తెలీవు, నువ్వు దారి చూపిస్తేనే నడిచాడు. నీ ఊరిని నువ్వు ఎంత బాగా ఎరుగుదువో అంత చౌకగా అమ్మావు.

మా పక్కనే పద్మనాభం ఉంది. 1794 జూలై 10న కంపెనీ సైన్యం మీద విజయనగరం రాజు చిన విజయరామరాజు అక్కడ పోరాడి చచ్చిపోయాడు. ఆయన వెంట ఈ ప్రాంతం మనుషులు చచ్చిపోయారు. ఆ యుద్ధం తప్పొప్పులు చరిత్రకారులు తేల్చుకుంటారు. నాకు ఒక్కటే పట్టుబడింది: ఆ రాజు కత్తి పట్టుకుని తానూ ఆ మైదానంలో ఉన్నాడు. మనం పల్లకీలు మోసే రాజులు కౌంటింగు రోజు సాయంత్రానికి పట్నంలో ఉంటారు.

"మనలాంటోళ్లకి అసెంబ్లీ ఏటిరా" అని మావ అంటాడు. అనుముల రేవంత్ రెడ్డి 2006లో మిడ్జిల్ మండలం జెడ్పీటీసీ. ఏ పార్టీ బీ-ఫారం లేదు, స్వతంత్రుడు. మరుసటి ఏడాది మహబూబ్‌నగర్ స్థానిక సంస్థల నుంచి స్వతంత్రుడిగానే మండలికి గెలిచాడు. ఆ తర్వాత గానీ పార్టీ కొడంగల్ టికెట్టు చేతిలో పెట్టలేదు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి. మహారాష్ట్రలో విలాస్‌రావు దేశ్‌ముఖ్ బాభల్‌గావ్ సర్పంచిగా మొదలుపెట్టి ముఖ్యమంత్రి అయ్యాడు. వీళ్ల పాలన గొప్పదా కాదా అన్నది వేరే పేచీ, అది ఇప్పుడు పెట్టుకోను. మిడ్జిల్ మండలానికి ఆనందపురం మండలం ఏ విషయంలో తీసిపోయింది? మా మండలంలో గంభీరం దగ్గర ఐఐఎం కట్టారు. అందులో కుర్రాళ్లకి నాయకత్వం ఎలా చేయాలో పాఠాలు చెప్తారట. గేటు బయట నాయకత్వం బంతిపూలు బేరమాడుతోంది.

పార్టీలకి నా కోరిక చిన్నది. వచ్చేసారి ఈ మూడు మండలాల టికెట్టు ఇచ్చే ముందు ఆశావహుడిని ఆస్తులెన్ని అని అడగడం మానండి. పంచాయతీలోనో, మండల పరిషత్తులోనో, వార్డులోనో ఒక పూర్తి గడువు కూర్చున్నావా అని అడగండి. కూర్చుంటే ఏం చేశావో ఆ ఊరికెళ్లి వాకబు చేయండి. మీరు అడగరని తెలుసు. అందుకే మూడు మండలాల ప్రెసిడెంట్లకీ, మాజీలకీ చెప్తున్నాను: పదివేలు డిపాజిట్టు. ఒక్క గజమాల ఖర్చు. మీలో ఒకడి పేరు మీరే కూర్చుని తేల్చుకోండి, మిగతావాళ్లు వాడి కోసం ఒక్క నెల రోజులు తిరగండి. ఓడిపోతారా? ఓడిపోండి. వాళ్ల కోసం తిరిగి మీరు గెలిచిందేమిటి?

ఆ రోజు క్రేను తొమ్మిదింటికి రాలేదు, పదకొండున్నరకి వచ్చింది. గజమాల ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? అది మెడలో పడదు. బరువంతా క్రేను కొక్కెం మోస్తుంది. నాయకుడు వ్యాను మీద నుంచి తల లోపలికి దూర్చి, చేతులు ఊపి, ఫోటో అయిపోయాక తల బయటికి తీసేస్తాడు. అర నిమిషం. ఆ తర్వాత క్రేను దండని రోడ్డు వారకి తిప్పి వదిలేసింది. కాన్వాయ్ వెళ్లిపోయింది. దుమ్ము అణగక ముందే రెండు మేకలు వచ్చాయి. వాటి వెనకే మార్కెట్టు ఆడవాళ్లు నలుగురు వచ్చి, మేకల్ని అదిలించి, నలగని పూలు ఏరి కొంగుల్లో వేసుకున్నారు. సాయంత్రం గుడి దగ్గర మళ్లీ అమ్మడానికి.

మావ అటు చూడటం లేదు. చెట్టు నీడన నిలబడి ఫోన్లో ఫోటోలు గ్రూపుకి పెడుతున్నాడు. ఒక ఫోటోలో ఆయన మోచెయ్యి పడింది.

"ప్రెసిడెంటు బాబూ," అంది ఒకావిడ, కొంగు ముడి బిగిస్తూ, "రేపు కూడా క్రేను వస్తాదా?"